కొక్కెం ఊడిన నాణెం

మంగళవారం ఉదయం తొమ్మిదీ పదికి రికార్డు రూమ్ గుమాస్తా బస్‌స్టాప్ బెంచీ మీద కూర్చుని ఉండగానే చనిపోయాడు. మూడు బస్సులు వచ్చి వెళ్ళాయి. నాలుగో బస్సు కండక్టర్ "ఎక్కుతారా, లేదా?" అని రెండుసార్లు అడిగి, భుజం తట్టాక గానీ సంగతి బయటపడలేదు. మెడ వెనక సూది గుచ్చిన గుర్తు ఉంది. డాక్టర్ మాత్రం గుండెపోటు అని రాశాడు. అలా రాయమని ఆయనకు చెప్పింది డిపార్ట్‌మెంటే.

బుధవారం ఎనిమిదింటికల్లా చీఫ్ గదిలో బ్రీఫింగ్ మొదలైంది. ఎదురు కుర్చీలో కూర్చున్న ఏజెంటును డిపార్ట్‌మెంట్‌లో అందరూ రాయి అంటారు. మూడేళ్ళ క్రితం భార్య పోయినప్పుడు అతను మూడో రోజే ఆఫీసుకు వచ్చి తన ఫైలు ఎక్కడుందని అడిగాడు. ఆ పేరు అప్పుడు పుట్టింది. అతనూ కాదనలేదు. నిజం చెప్పాలంటే అప్పటి నుంచీ అతనికి ఏమీ అనిపించడం లేదు. ఎదుటివాడు తుపాకీ తీసినా, గ్లాసులో కాఫీ చల్లారినా ఒకటే. ఉద్యోగానికి ఇది అనుకూలమైన లక్షణమని మెడికల్ రిపోర్టులో రాశారు కూడా.

"గుమాస్తా మనవాడే. వాళ్ళకి అమ్ముడుపోయాడు," అన్నాడు చీఫ్. "సరిహద్దు అవతల మనవాళ్ళు పదకొండు మంది ఉన్నారు. పేర్లు, అడ్రసులు, ఎవరు ఏ వేషంలో ఉన్నారు, అన్నీ కలిపి ఒక జాబితా. దాన్ని ఫొటో తీసి మైక్రోడాట్ చేశాడు. ఫుల్‌స్టాప్ అంత ఉంటుంది."

"కాపీలు?"

"అదొక్కటే. పనయ్యాక గుమాస్తాని వాళ్ళే లేపేశారు. ఏరు దాటాక తెప్ప తగలెయ్యడం వాళ్ళకి అలవాటేగా."

చీఫ్ బల్ల మీద ఒక పాత రాగి నాణెం పెట్టాడు. అంచు దగ్గర ఆవగింజ పట్టేంత గుంట, దాన్ని పూడుస్తూ నల్లటి మైనం. "ఇలాంటివి గుమాస్తా ఇంట్లో పదహారు దొరికాయి. ప్రాక్టీసు చేసినవి. అసలుది వాళ్ళ చేతికి వెళ్ళిపోయింది. ఆదివారం టౌన్‌హాల్లో నాణేల సంఘం ప్రదర్శన ఉంది. అక్కడ ఒక ముసలాయన దెబ్బతిన్న నాణేలన్నీ ఒక పళ్ళెంలో పోసి అమ్ముతాడు. నాలుగు వందల దాకా ఉంటాయి. పెద్ద కలెక్టర్లు ఆ వంక కూడా చూడరు. కొత్తవాళ్ళే ఏరుకుంటారు. పొద్దున్నే మన నాణెం ఆ పళ్ళెంలో పడుతుంది. పదకొండున్నరకి కొరియర్ వచ్చి తీసుకుపోతాడు. ఈ కబురు పంపింది ముత్యం."

ముత్యం అంటే అటూ ఇటూ జీతం తీసుకునే మనిషి. మెడలో ఒంటి ముత్యం, కళ్ళకు నల్లద్దాలు. ఆమె వరండాలో నడిచి వెళితే ఆ రోజు టైపిస్టుల కాగితాల నిండా తప్పులే.

"ఆమె మనవైపేనా?" అని అడిగాడు రాయి.

"మనవైపేనని నా నమ్మకం. నా నమ్మకాలు ఇదివరకు రెండుసార్లు తప్పాయి."

"పళ్ళెం మొత్తం పట్టుకుంటే పోలేదా?"

"హాల్లో మన చెయ్యి కనపడిందంటే, కబురు చెప్పింది ముత్యమేనని వాళ్ళకి తెలిసిపోతుంది. సాయంత్రానికి ఆమె ఉండదు. పోనీ నాలుగైదు కొందామా అంటే ఆ ముసలాయన ఒప్పుకోడు. మనిషికి ఒక్క నాణెమే ఇస్తాడు. పళ్ళెంలో ఎంతసేపైనా తిరగెయ్యచ్చు. బయటికి తీశావా, అదే నీది, మార్చడు. అందుకే ఆయన్ని ఒక్కటే తాత అంటారు. ఇక నీ వేషం చెప్తాను. నిన్న మొన్న ఈ పిచ్చి పట్టిన కొత్త కలెక్టర్‌వి. తెలిసీ తెలియనివాడెవడో గుడ్డిగా అదే కొనుక్కుపోయాడని వాళ్ళు అనుకోవాలి. నేర్చుకోడానికి నాలుగు రోజులు టైముంది."

"నేర్పేదెవరు?"

చీఫ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీ అత్తగారు."

ఆవిడ టంకశాలలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరయింది. అచ్చయిన నాణేల్లో లోపం ఉన్నవి ఏరి పక్కన పడెయ్యడం ఆవిడ పని. అతను ఆ గడప తొక్కి మూడేళ్ళయింది.

"ఇంకో సంగతి," అన్నాడు చీఫ్. "జాబితాలో ఏడో పేరు మీ బావమరిదిది."

"వాడు లిఫ్టులు రిపేరు చేస్తాడు."

"అదీ చేస్తాడు. మంచి మెకానిక్ అని అక్కడ పేరు కూడా తెచ్చుకున్నాడు."

"అత్తయ్యకి తెలుసా?"

"ఆవిడకి నీ సంగతే తెలియదు. తూనికలు కొలతల ఆఫీసులో గుమాస్తావనే అనుకుంటోంది."

ఏమైనా అనిపిస్తుందేమోనని రాయి కాసేపు ఆగి చూశాడు. ఏమీ అనిపించలేదు. కూతురు పోయిన ఆవిడకు ఇక మిగిలింది ఆ కొడుకు ఒక్కడేనని, ఆదివారం తను తప్పు నాణెం తీస్తే వాడూ మిగలడని, అది మాత్రం అర్థమైంది. అర్థం కావడం వేరు, అనిపించడం వేరు.

టెక్నికల్ సెక్షన్లో అతనికి కెమెరా ఉన్న భూతద్దం ఒకటి, మీట నొక్కితే మత్తుమందు చిమ్మే పెన్ను ఒకటి ఇచ్చారు. మేకప్ చేసే ఆయన ముచ్చటపడి ఒక గుబురు మీసం కూడా తెచ్చాడు. అత్తగారింటికి పెట్టుడు మీసంతో వెళ్ళడం బాగుండదని చెప్పి రాయి దాన్ని అక్కడే వదిలేశాడు.

అత్తగారిది రెండో అంతస్తు. ముందుగదిలో కిటికీ పక్కన బల్ల, దాని మీద ఆకుపచ్చ ఉన్నిగుడ్డ, ఒక టేబుల్ లాంపు. తలుపు తీసిన ఆవిడ అతన్ని కింది నుంచి పైదాకా చూసింది.

"అల్లుడుగారా. దారి తప్పినట్టున్నారు," అంది. కోపంగా ఉన్నప్పుడు ఆవిడకు అతను అల్లుడుగారు. కోపం లేనప్పుడు ఒట్టి బాబు.

"నిద్ర పట్టట్లేదు అత్తయ్యా. ఏదైనా వ్యాపకం పెట్టుకోమన్నాడు డాక్టరు. నాణేలు చూడడం నేర్చుకుందామని వచ్చాను."

డిపార్ట్‌మెంట్ రాసిచ్చిన అబద్ధం అది. ఆవిడ లోపలికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతిలో నాణేల డబ్బా ఉంది.

"రా బాబూ, కూర్చో. మా అమ్మాయి కూడా ఆ కుర్చీలోనే కూర్చుని నేర్చుకునేది. గీతలు భలే పట్టేది నా తల్లి."

రాయి ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. అది మామూలు కుర్చీలాగే ఉంది. అలా ఉన్నందుకు తనమీద తనకే కాస్త రోత పుట్టింది, అదీ ఎంతోసేపు నిలవలేదు.

"ముందు ఇది బుర్రకెక్కించుకో," అంటూ ఆవిడ లాంపు వెలిగించింది. "నాణేనికి పుట్టుకతో వచ్చిన లోపం వేరు, తర్వాత తగిలిన దెబ్బ వేరు. మొదటిదానికి విలువుంది. రెండోది ఎవరికీ అక్కర్లేదు. కొత్తవాడికి రెండూ ఒకేలా కనపడతాయి, వాడి దగ్గర డబ్బులు గుంజేది అక్కడే. ఇదిగో, ఈ గీత గోటితో తాకి చూడు."

"పైకి ఉంది."

"అచ్చు పగిలితే అలా ఉబ్బుతుంది. అది టంకశాల తప్పు. ఇప్పుడు దీన్ని తాకు. లోపలికి దిగింది కదా, ఇది ఎవడో మేకుతో గీసింది. పైకుంటే మాది, లోపలికుంటే లోకానిది."

రెండో రోజు ఎవరో కొరికినట్టు అంచు లేని నాణేలు రెండు చేతిలో పెట్టింది. "వీటిలో ఒకటి పుట్టుకతోనే ఇంత. రేకులోంచి బిళ్ళలు కోసేటప్పుడు, ముందు కోసిన బొక్క మీదికి కత్తెర మళ్ళీ జరిగితే ఇలా వస్తుంది. రెండోది ఆకురాయితో అరగదీసింది. ఏది ఏదో చెప్పు చూద్దాం."

రాయి కొరికిన చోటునే పది నిమిషాలు చూశాడు.

"అక్కడేముంది బాబూ, దొంగ చేసేది అక్కడే. దానికి సరిగ్గా ఎదురు అంచు చూడు. బిళ్ళ ఒకవైపు తక్కువైతే, అచ్చు పడేముందు ఎదురువైపు అంచు కూడా సరిగ్గా లేవదు. పలచబడుతుంది. అరగదీసినవాడికి అది తెలియదు, తెలిసినా చెయ్యలేడు."

మూడో రోజు కొక్కేల పాఠం. "కొందరు నాణేనికి కొక్కెం అతికించి మెడలో వేసుకుంటారు. తర్వాత ఊడదీసి అమ్మేస్తారు. టంకం మచ్చ మిగిలిపోతుంది. ఆ మచ్చ ఎప్పుడూ బొమ్మ నెత్తి మీదే ఉంటుంది, ఎందుకంటే మెడలో బొమ్మ నిటారుగా వేలాడాలి. ఇంకో గుర్తు, ఒంటికి తగిలే వైపు బాగా అరుగుతుంది. పైవైపు అంత అరగదు."

"ఎవరైనా తలకిందులుగా వేసుకుంటేనో?"

"ముప్ఫై ఒక్క ఏళ్ళలో నాకు కనపడలేదు. మనుషులకి మిగతా బుద్ధులు లేకపోయినా ఆ పాటి బుద్ధి ఉంటుంది."

శనివారం సాయంత్రానికి పదింట్లో తొమ్మిది సరిగ్గా చెప్పగలిగాడు. ఆవిడ మొహం వెలిగిపోయింది. డబ్బా మూసేస్తూ ఆఖరి పాఠం చెప్పింది.

"అన్నీ మరిచిపో గానీ ఇది మరిచిపోకు. నాణేన్ని తోమకూడదు. కొత్తగా వచ్చిన ప్రతివాడూ చేసే పని అదే. మురికిగా ఉందని టూత్‌పేస్టు పెట్టి తోముతాడు. వందేళ్ళు నిలిచిన నాణెం ఒక్క నిమిషంలో చొక్కా బొత్తాం అయిపోతుంది. దొంగతనం చేసినవాణ్ణయినా క్షమిస్తాను కానీ తోమినవాణ్ణి క్షమించను. ఒకాయన తోమితే రెండేళ్ళు మాట్లాడలేదు."

"ఎవరాయన?"

"మీ మామగారు."

గుమ్మం దాకా వచ్చి చెప్పులేసుకుంటున్న అతని భుజం మీద చెయ్యి వేసింది. "రేపు నేను స్టేజి మీద ఉంటాను, బహుమతులకి జడ్జిని. నా మనిషివని ఎవరికీ చెప్పకు, పక్షపాతం అంటారు. కానీ నేను చూస్తుంటాను. మంచిది తియ్యి."

ఆదివారం, పది యాభై. టౌన్‌హాల్ నిండా పొడవాటి బల్లలు, తెల్ల దుప్పట్లు, ప్లాస్టిక్ జేబుల ఆల్బమ్‌లు. మూడు వందల మంది వంగి చూస్తున్నారు గానీ గట్టిగా మాట్లాడేవాడు ఒక్కడూ లేడు. స్తంభం పక్కన ఒక అటెండరు బహుమతి కప్పులను వరసగా పెట్టుకుని పాలిష్ డబ్బా, గుడ్డతో రుద్దుతున్నాడు. స్టేజి మీద అత్తగారు చీటీలు సర్దుకుంటోంది. రాయి చంకలో కొత్త ఆల్బమ్, మెడలో కొత్త భూతద్దం, గొంతు దాకా బొత్తాలు పెట్టుకున్న చొక్కా. చూసినవాళ్ళెవరికైనా వీడు కొత్తవాడని అర్థమైపోతుంది.

ఒక్కటే తాత ముందు వెడల్పాటి పళ్ళెం ఉంది. "తిరగెయ్యి, ఎంతసేపైనా తిరగెయ్యి. బయటికి తీసింది నీది. మనిషికి ఒక్కటే," అన్నాడు తాత తల ఎత్తకుండానే. ఆ మాట రోజుకు రెండు వందలసార్లు అంటాడేమో, అందులో ప్రాణం లేదు. తన గొంతులోనూ అది లేదు కనుక రాయికి ఆ గొంతు చుట్టాల గొంతులా వినిపించింది.

పదకొండూ పన్నెండుకు సెంటు వాసన వచ్చింది. నల్లద్దాలు, ఒంటి ముత్యం. ఆమె పళ్ళెం మీదికి వంగింది.

"ఇది ఏ సంవత్సరానిదండీ?"

"అరిగిపోయిందండీ. కనపడట్లేదు."

కోడ్ సరిపోయింది. ఆమె పెదవులు కదపకుండా చెప్పింది. "కొరికిన నాణెం. అంచు పోయి ఉంటుంది. పదకొండున్నరకి టోపీ ఆయన వస్తాడు. తలుపు దగ్గర ఇద్దరున్నారు." అని పక్క బల్లకు వెళ్ళిపోయింది. పక్క బల్ల ఆయన చిల్లర లెక్క తప్పాడు.

ఏడు నిమిషాలు వెతికితే కొరికిన నాణెం దొరికింది. రాయి దాన్ని బయటికి తియ్యకుండా వేలికొనతో పళ్ళెం అంచుకు ఆనించి తిప్పాడు. కొరికిన చోటు నున్నగా ఉంది. ఎదురు అంచు చూశాడు. పలచగా, దాదాపు చెరిగిపోయినట్టుంది. అంటే దీన్ని ఏ గూఢచారీ చెయ్యలేదు. పుట్టుకతోనే ఇంత. గుంట లేదు, మైనం లేదు, ఇందులో దాచడానికి చోటే లేదు.

మరి ముత్యం ఎందుకలా చెప్పింది? అబద్ధమైనా చెప్పి ఉండాలి, ఆమెకే ఎవరైనా అబద్ధం చెప్పి ఉండాలి. రాయి మెడ నొప్పి పుట్టినవాడిలా తల ఎత్తాడు. ఎదురు బల్ల దగ్గర పేపరు చదువుతున్న మనిషి ఒకడున్నాడు. వాడు పళ్ళెం వైపు చూడడం లేదు, తన వేళ్ళ వైపు చూస్తున్నాడు. రాయికి అర్థమైంది. ముత్యం మీద వాళ్ళకు అనుమానం వచ్చింది. ఆమెకు కావాలనే తప్పు నాణెం చెప్పారు. ఈ కొరికిన దాన్ని ఎవడు బయటికి తీస్తే వాడు డిపార్ట్‌మెంట్ మనిషి, వాడికి చెప్పింది ముత్యం. దీన్ని తీస్తే జాబితా పోతుంది, ముత్యమూ పోతుంది.

"ఇది విరిగిపోయింది తాతా. ఇలాంటివి కూడా అమ్ముతారా?" అని దాన్ని పళ్ళెంలోనే అవతలికి నెట్టాడు.

తాత నిట్టూర్చాడు. పళ్ళెం మొత్తంలో విలువైనది అదొక్కటే, అది ఆయనకు తెలుసు. పేపరు మనిషి పేజీ తిప్పాడు.

పదకొండూ ఇరవై ఒకటి. ఇంకా తొమ్మిది నిమిషాలు. మేకు గీతలు, సొట్టలు, రైలు పట్టా మీద పెట్టి అణిచినవి, నిప్పులో పడి పొంగినవి. కొక్కెం ఊడినవి మూడు కనపడ్డాయి. మొదటి రెండింటికీ మచ్చ నెత్తి మీద ఉంది, వెనకవైపు బాగా అరిగింది. మూడోదానికి మచ్చ బొమ్మ చెవి పక్కన ఉంది. నల్లగా, పాతగా, నమ్మేటట్టే ఉంది. కానీ ఆ నాణేన్ని మెడలో వేసుకుంటే బొమ్మ పడుకుని ఉంటుంది. రెండు వైపులా అక్షరాలు సమానంగా నిలిచి ఉన్నాయి, అంటే ఇది ఎవరి ఒంటినీ తాకలేదు, ఆ మచ్చ టంకం కాదు, మైనం. గుమాస్తా పదహారుసార్లు ప్రాక్టీసు చేశాడు గానీ, దాన్ని వేసుకునే మనిషి ఎలా వేసుకుంటుందో ఒక్కసారీ ఆలోచించలేదు.

రాయి దాన్ని బయటికి తీశాడు. "ఇది ఇవ్వండి తాతా."

"ఇంతకంటే మంచివి లేవా అందులో? సరే, నీ ఇష్టం," అన్నాడు తాత.

పదకొండూ ఇరవై తొమ్మిది. రాయి పది అడుగులు వేశాడో లేదో టోపీ ఆయన వచ్చాడు. పళ్ళెం ఒకసారి తిరగేశాడు. రెండోసారి తిరగేశాడు. తాతతో ఏదో అన్నాడు. తాత గడ్డంతో రాయి వైపు చూపించాడు.

టోపీ ఆయన నవ్వుతూ వచ్చి దారికి అడ్డంగా నిలబడ్డాడు. "కొత్తగా మొదలెట్టారా?"

"అవునండీ. ఇవాళే మొదటిసారి."

"నేనూ ఒకప్పుడు ఆ పళ్ళెంతోనే మొదలెట్టాను. ఏదీ, చూపించండి. కొక్కెం నాణేలంటే నాకు సరదా. కావాలంటే దానికి బదులు నా ఆల్బమ్ మొత్తం ఇచ్చేస్తాను," అని అరచెయ్యి చాపాడు. వెనక పేపరు మడత పెట్టిన చప్పుడైంది. తలుపు దగ్గర ఇద్దరూ జేబుల్లో చేతులు పెట్టుకున్నారు.

నాణెం ఇస్తే పదకొండు మంది పోతారు. పెన్ను మీట నొక్కితే తను డిపార్ట్‌మెంట్ మనిషినని తెలిసిపోతుంది, ముత్యం పోతుంది. పరిగెత్తినా అంతే. ఇంతకీ కొత్తవాడు ఇలాంటప్పుడు ఏం చేస్తాడు? ఆ ప్రశ్నకు జవాబు రాయికి వెంటనే దొరికింది. స్టేజి వైపు చూశాడు. అత్తగారు చీటీలు ఆపి తన వైపే చూస్తోంది. ఏం తీశాడోనని మెడ చాచి మరీ చూస్తోంది. ఆ మొహం చూశాక అతనికి ఆ పని చెయ్యాలనిపించలేదు. చాలా కష్టంగా అనిపించింది. మూడేళ్ళలో అతనికి కష్టమనిపించిన పని అదొక్కటే.

"ఒక్క నిమిషం ఉండండి. మరీ మురికిగా ఉంది, శుభ్రం చేసి చూపిస్తాను," అన్నాడు.

స్తంభం పక్క అటెండరు డబ్బాలో రెండు వేళ్ళు ముంచి, పాలిష్ తీసి, నాణెం మీద పులిమాడు. అటెండరు ఒళ్ళో గుడ్డ లాక్కున్నాడు. రుద్దడం మొదలెట్టాడు. చెవి పక్కన మచ్చను బొటనవేలి గోరుతో గీకాడు. నల్లటి మైనం ఊడి గుడ్డకు అంటింది. దాంతోపాటు చుక్కంత ఫిల్ము కూడా వచ్చింది. గుడ్డ మడతలో పెట్టి ఇసుక లాంటి ఆ పాలిష్‌తో మళ్ళీ మళ్ళీ నలిపాడు.

"ఆగండి," అన్నాడు టోపీ ఆయన. గొంతు అదోలా ఉంది.

ఆ పక్కనున్న కలెక్టరు ఒకాయన చేతిలోని ఆల్బమ్ జారి కింద పడింది. "తోముతున్నాడు," అన్నారెవరో, ఇల్లు తగలబడుతోందని చెప్పినట్టు. ఆ మాట బల్ల నుంచి బల్లకు పాకింది. మూడు వందల తలలు పైకి లేచాయి. ఒక పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు.

"ఇప్పుడు చూడండి, ఎంత బాగుందో," అని రాయి తళతళలాడే రాగి బిళ్ళను టోపీ ఆయన అరచేతిలో పెట్టాడు. గుడ్డ అటెండరుకు ఇచ్చేశాడు. అటెండరు దానితో మళ్ళీ కప్పు రుద్దుకోసాగాడు.

టోపీ ఆయన భూతద్దం పెట్టి చూశాడు. చెవి పక్కన ఖాళీ గుంట మెరుస్తోంది. చాలాసేపటికి తల ఎత్తి రాయి కళ్ళలోకి చూశాడు. "నిన్నెవరు పంపించారు?" అని మెల్లగా అడిగాడు. పేపరు మనిషి రాయి వీపుకు ఆనుకుని నిలబడ్డాడు. మెడ వెనక ఏదో చల్లగా తగిలింది.

అప్పుడే జనం పక్కకు తప్పుకున్నారు. అత్తగారు స్టేజి దిగి వచ్చింది. టోపీ ఆయన చేతిలోంచి నాణేన్ని రెండు వేళ్ళతో తీసుకుని, వెలుతురుకు పెట్టి చూసి, తిరిగి ఇచ్చేసింది.

"ఈయన మా అల్లుడు," అంది అందరికీ వినపడేలా. దాచిపెట్టమన్న మాట ఆవిడే బయటపెట్టింది. "నాలుగు రోజులు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాను. కూతురు పోయాక మళ్ళీ మనిషవుతున్నాడనుకున్నాను. నాదే తప్పు. అందరూ నన్ను క్షమించాలి." తర్వాత అతని వైపు తిరిగింది. "మీరు ఇంటికి వెళ్ళండి, అల్లుడుగారూ."

ఆ సంఘంలో ఆవిడను ఎరగనివాళ్ళు లేరు. ఆవిడ సిగ్గుతో తల దించుకోవడం ఇంతవరకు ఎవరూ చూడలేదు. అంత సిగ్గును ఏ డిపార్ట్‌మెంటూ తయారుచెయ్యలేదని టోపీ ఆయనకు తెలుసు. ఆయన భుజాలు జారిపోయాయి. మెడ వెనక చల్లదనం పోయింది.

"పోనీలెండి అమ్మా, కొత్త కదా," అన్నాడు టోపీ ఆయన నీరసంగా. ఈ మూర్ఖుడి సంగతి పైవాళ్ళకు ఎలా చెప్పాలా అని అప్పుడే ఆలోచిస్తున్నట్టుంది. పదకొండూ నలభై ఒకటికి తలుపు దగ్గర ఇద్దరూ ఆయన వెంట వెళ్ళిపోయారు. ముత్యం దూరంగా ఒక ఆల్బమ్ తిరగేస్తోంది. తల ఎత్తలేదు కానీ, చూసిన పేజీనే మళ్ళీ తిప్పుతోంది.

సాయంత్రం నాలుగింటికి కారులో చీఫ్ రిపోర్టు తీసుకున్నాడు.

"కొరికిన నాణేన్ని ఆఖరిదాకా ఎవరూ తియ్యలేదట. ముత్యాన్ని వాళ్ళిప్పుడు కళ్ళు మూసుకుని నమ్ముతున్నారు. పదకొండు మందీ క్షేమం. నాణేల సంఘం వాళ్ళు మాత్రం నువ్వు జీవితాంతం ఆ హాల్లో అడుగు పెట్టకూడదని తీర్మానం చేశారు. ఏకగ్రీవం."

"అత్తయ్యకి ఏమైనా చెప్పొచ్చా?"

చీఫ్ కిటికీలోంచి బయటికి చూశాడు. "ఏం చెప్తావు? ఏం చెప్పినా కొడుకు సంగతి దాకా వెళ్తుంది."

చెప్పడానికి ఏమీ లేకపోయినా రాయి కారు దిగి అటే నడిచాడు. అత్తగారు తలుపు తీసింది. లోపలికి రమ్మనలేదు, తలుపూ వెయ్యలేదు. రాయి చెప్పులు విడిచి గోడ పక్కన నిలబడ్డాడు. ఆవిడ ఫోను మధ్యలో వదిలేసి వచ్చినట్టుంది, వెళ్ళి మళ్ళీ అందుకుంది. చెవి మందం కనుక స్పీకర్ పెట్టుకుంటుంది.

"మీ బావ చేసిన నిర్వాకం ఇంకా పూర్తి కాలేదురా, విను. గోరుతో గీకాడు. నా కళ్ళ ముందే, అందరూ చూస్తుండగా. నేను మళ్ళీ ఆ హాలుకి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

అవతలి నుంచి నవ్వు వినపడింది. పెద్దగా, ఊపిరాడనంతగా నవ్వు. వెనకెక్కడో లిఫ్టు తలుపు మూసుకుంటున్న చప్పుడు. నవ్వుతున్నవాడికి ఈ ఉదయం తనకు ఏ గండం తప్పిందో తెలియదు.

రాయి గోడకు ఆనుకున్నాడు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాడు. తర్వాత తెలిసింది, అతనికి సంతోషంగా ఉంది. ఆ కిటికీ పక్క కుర్చీ వైపు చూస్తే ఏడుపు కూడా వచ్చింది. ఆవిడ చూడకుండా మొహం తిప్పుకున్నాడు.

"ఉన్నారు, ఇక్కడే తగలడ్డారు. నువ్వే అడుగు," అని ఆవిడ ఫోను అతని చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"ఏంటి బావా ఈ పని?"

"పొరపాటయిందిరా."

"పొరపాటు కాదు బావా, అమాయకత్వం. ఆ తూనికల ఆఫీసు గోడలు దాటి నువ్వు ఎప్పుడైనా బయటి లోకం చూశావా? ముక్కూ మొహం తెలియనివాడెవడో చెయ్యి చాపితే చేతిలో పెట్టెయ్యడమేనా? ఎవడెలాంటివాడో మనకేం తెలుసు? కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని మసలుకో," అని పది నిమిషాలు లోకజ్ఞానం బోధించాడు జాబితాలో ఏడోవాడు.

"అలాగేరా," అన్నాడు రాయి. "ఇక నుంచి నీలా ఉంటాను."